ఈడుకంచముల అన్నపూర్ణ నోము

అక్షతలు చేతబట్టుడు. మాటలు కట్టిపెట్టుడు. ఊ కొట్టకపోయినను సరే గాని, నడుమ లేచిపోరాదు.

పూర్వము కృష్ణకు దక్షిణమున వెదురుపొదల నడుమ తపస్సు చేయుచుండిన ధౌమ్రాయణ మహర్షిని శాలంకి యను ముని దర్శించి, నమస్కరించి, ఇట్లడిగెను. "స్వామీ, లేమిలో ఆకలి సహజము. గాదెల నిండ ధాన్యమున్న యిండ్లలో కూడ బిడ్డలు చిక్కిపోవుచున్నారు, ముదుసళ్లు కృశించుచున్నారు, బాలింతలకు పాలు పడుటలేదు. కలిమిలో ఈ ఆకలి యేల? దీనికి నివృత్తి యెద్ది?" అంతట మహర్షి, అన్నపూర్ణాదేవి ఒక యిల్లాలికి స్వయముగా నేర్పిన నోమొకటి కలదని పలికి, ఈ కథ చెప్పదొడంగెను.

గుండ్లకమ్మ తీరమున మొలకపాడను గ్రామమున పోలమరెడ్డి యను కాపు కలడు. అతని భార్య పేరిందేవి. ఆమె మాట కరుకు, మనసు వెన్న. చిన్ననాట ఆమె బీదపిల్ల. మేనమామ యింటి పెండ్లిలో ముందువరుసవారికి గిన్నెలతో నేయి పోసి, కడవరుసనున్న ఆమె విస్తరిలో నీళ్లమజ్జిగ పోసిరి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటేనని లోకులు నవ్వుచుండగా, ఆ పిల్ల ఏడ్చుచు లేచిపోయెను. నాటినుండి ఆమెకు పంక్తిభేదమన్న, అనగా ఒకే వరుసలో కూర్చున్నవారికి ఒకరికొకటి, ఇంకొకరికొకటి వడ్డించుటన్న, పాపములలోకెల్ల పెద్ద పాపమని తోచెను. కాపురమునకు వచ్చినది మొదలు ఆ యింట పెద్దకును చిన్నకును ఒకే కుండ, ఒకే గరిటె. జొన్నసంగటి, పుంటికూర పచ్చడి, మిరియపు చారు. ధర్మమన్న పేరిందేవమ్మదే ధర్మమని ఊరివారు మెచ్చుకొనిరి. ఆ మెప్పుతో ఆమె మరింత బిగిసెను.

మామగారైన కోనారెడ్డికి పండ్లన్నియు ఊడిపోయెను. ఆయన ఒకనాడు సంగటిముద్ద మింగలేక, "అమ్మా పేరిందేవీ, కాస్త జావ కాచి పొయ్యమ్మా. నాకీ ముద్ద దిగటల్లేదు" అని వేడుకొనెను. ఆమె చేతులు జోడించి, మామగారికొకటి తమకొకటి చేసినచో తనకు నరకము తప్పదని బదులు చెప్పెను. ఆయన మరల నడుగలేదు. ముసలితనమున దప్పికయు తెలియక నీరును తగ్గించెను. జొన్నలు కోతకు వచ్చునాటికి కట్టెవలె ఎండి స్వర్గస్థుడయ్యెను. పేరిందేవి మిక్కిలి ఏడ్చెను గాని, ముసలితనమునకు మందేమున్నదని మనసు సరిపెట్టుకొనెను.

పిమ్మట ఈడేరిన కూతురు అక్కమాంబ పెదవులు తెల్లబడి, నీళ్లబిందెతో గడపలో తూలిపడెను. అందరును దిష్టి యనిరి. కోడలు చెన్నాంబ మగబిడ్డను కనెను గాని, ఆ బిడ్డ పిడికెడే యుండెను. బాలింతకును అదే ముద్ద, అదే పచ్చడి. పాలు పడలేదు. లేకలేక కలిగిన ఆ మనుమడు ఏడ్చుటకును ఓపిక లేక కన్నులు తేలవేయుచుండెను. గాదెలో జొన్నలకు పురుగు పట్టెను, పొలమున పైరుకు తెవులు సోకెను. వారు మొక్కని దేవత లేదు, కట్టని తాయెత్తు లేదు. "ఎవరికీ ఇంత ఎక్కువ తక్కువ చేసి ఎరుగనే! నా మనవడు నా కళ్లముందే పోతన్నాడే తల్లీ!" అని పేరిందేవి గుండెలు బాదుకొనెను.

మరునాటి ఉదయమున ఆమె కొట్టములో ఎప్పటివలె పసులకు మేత పెట్టుచుండెను. ఈనిన ఆవుకు పత్తిగింజలు రుబ్బి పెట్టెను. దుక్కిటెద్దులకు ఉడికిన ఉలవలు పెట్టెను. పండ్లరిగిన ముసలియెద్దుకు తవుడు కలిపి మెత్తని కుడితి కలుపుచుండెను. అంతలో తల ముగ్గుబుట్టయైన వృద్ధురాలొకతె వాకిట నిలిచి, "ఏమమ్మా, వాటికేమో ఉలవలు, పాపం దీనికేమో కుడితా? ఒకే కొట్టంలో ఇంత భేదమా?" అని యడిగెను.

పేరిందేవికి ఒళ్లు మండెను. "బాగుంది నీ వరస! ఈనినదానికీ, దున్నేదానికీ, పళ్లరిగినదానికీ ఒకటే పడేస్తే బతుకుతాయా? ఏ ఈడుకు తగ్గ మేత ఆ ఈడుకు పెట్టాల. ఆ మాత్రం తెలియకుండానే..."

జావ యడిగిన మామగారి మొగము కన్నులకు కట్టెను. గొడ్డుకు పెట్టినపాటి మామకు పెట్టలేకపోతిని గదా అని, ఆమె ఆ తవుడులోనే కూలబడి భోరున ఏడ్చెను. వృద్ధురాలు అన్నపూర్ణాదేవియై గరిటెతో నిలిచెను. మామగారిని మరల నిమ్మని పేరిందేవి పాదములు పట్టుకొనగా, పోయినవారికి జావ పోయుట తనకును సాధ్యము కాదనియు, ఉన్నవారికి పెట్టుమనియు దేవి చెప్పెను. ఒకరిని చులకన చేసి తక్కువ పెట్టుట పంక్తిభేదము గాని, అక్కర యెరిగి తగినది పెట్టుట భేదము కాదని బోధించెను. ఆపై నోము విధానమును ఆనతిచ్చెను.

ప్రతి పౌర్ణమినాడు ఇంటిలో ఎన్ని యీడులవారున్నారో అన్ని కంచములు దేవిముందు పెట్టవలెను. బిడ్డకు ఆరు మాసములు నిండువరకు తల్లిపాలే అమృతము, చుక్కనీరును పనిలేదు. కనుక బిడ్డకంచము తల్లికంచములోనే యున్నది. పిమ్మట పాలు మానిపింపక, మెదిపిన పెసరపప్పన్నము నేతితోను, రాగిజావయు, కొద్దికొద్దిగా పలుమారులు పెట్టవలెను. ఆడి పాడు పిల్లలకు పాలు, పప్పు, పండు. ఈడేరిన పిల్లకు నువ్వులు బెల్లము దంచిన చిమ్మిలియు తోటకూరయు మునగాకును, వాటి సారము ఒంటబట్టుటకు ఉసిరికయు పెట్టవలెను. చూలాలికి ఒక్కమారుగా గాక మాటిమాటికి పెట్టవలెను. కాయకష్టము చేయువానికి సంగటి మీద ముద్దపప్పు మరువరాదు. ముదుసలికి మెత్తనిది, ఉప్పు తక్కువైనది. పాలును పప్పును మాత్రము తగ్గింపరాదు, అడుగకున్నను నీరందింపవలెను. ఇక బాలింతకంచము ఇంట అందరి కంచముల కంటె నిండుగా నుండవలెను. ఏలనన రెండు ప్రాణములకు ఆమె యొక్కతెయే తినవలెను.

పేరిందేవి అట్లే చేసెను. చెన్నాంబకు పాలు పడెను. బిడ్డ బుగ్గలు నిండెను. అక్కమాంబ పెదవులకు రంగు వచ్చెను. మరుపంటకు గాదెలు పొంగిపొరలెను. ఊరక వచ్చిన కలిమి కాదు గదా, ఒంట ఓపిక గలవారు పొలమున నిలిచిరి.

కలిమి రాగానే మరపు రాకమానదు. బిడ్డ అన్నప్రాశనమునకు మూడూళ్ల చుట్టములు దిగిరి. పేరిందేవి వెండికంచములు తెప్పించి, దేవిముందు పేర్చి, పూజ మహావైభవముగా చేసెను. బంతి వెనుక బంతి లేచెను. చెన్నాంబ తెల్లవారినది మొదలు వడ్డించుచునే యుండెను. కోడలు కడపట తినుట ఆ యింటి ఆచారము. ఆమె కూర్చొనుసరికి కుండలో అడుగుమాడు మిగిలెను. చుట్టములు వారమైనను కదలలేదు. చెన్నాంబకు పాలు తగ్గెను. బిడ్డకు జ్వరము తగిలి, ఒడిలోనుండి తల ఎత్తడాయెను. పాడియావు తన్నసాగెను. గాదెలో మరల పురుగు కనబడెను.

పౌర్ణమినాడు పేరిందేవి దేవికి దీపము పెట్టబోగా వత్తి అంటుకొనలేదు. వత్తి మార్చినను, నూనె మార్చినను అంటుకొనలేదు. ఏమి తప్పు చేసితినని ఆమె చుట్టును చూచెను. స్తంభమునకు చేరగిలబడి, ఒడిలో బిడ్డతో, చెన్నాంబ చెంబెడు నీళ్లు గడగడ త్రాగి, కొంగు కడుపునకు బిగించుకొనుచుండెను. పేరిందేవి దేవిముందరి కంచమెత్తెను. అది అపచారమని పోలమరెడ్డి కేకవేసెను.

"అపచారమైతే నా నెత్తినే పడనీ. బాలింత పస్తుంటే ఆ తల్లి మాత్రం ఎట్లా తింటదయ్యా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టు చేశాను నేను!" అని, ఆమె చెన్నాంబను చుట్టములందరి యెదుట పీట మీద కూర్చుండబెట్టి, ముద్ద కలిపి నోటికందించెను. చెన్నాంబ మింగలేక వెక్కి వెక్కి ఏడ్చెను. "ఏడవబాకే తల్లీ, తిను. నువ్వు తింటేనే వాడు తింటాడు." ఆ ముద్ద గొంతు దిగిన క్షణముననే దేవిముందు దీపము తానై వెలిగెను. నాటినుండి చెన్నాంబ మొదటిబంతినే కూర్చుండెను. నాలుగు దినములకు బిడ్డ జ్వరము విడిచి, చేతులార తల్లి కొంగు లాగెను.

ఈ నోమును అత్తలు చేయవలెను. మామలును మగలును చేయవలెను; వడ్డించుట ఆడువారి పనియని తప్పించుకొనరాదు. వెండికంచములు లేనివారు మోదుగ విస్తళ్లలో చేయవచ్చును. ఉద్యాపనమునాడు పరుల యింటి చూలాలికొకతెకును, దిక్కులేని ముదుసలికొకరికిని తగినది వండి పెట్టవలెను. చేసినవారి యింట బిడ్డలు బలముగా ఎదుగుదురు, తల్లులకు పాలు పొంగును, ముదుసళ్లు తుదివరకు తమ కాళ్లపై నడతురు, గాదె అడుగంటదు. ఇట్లని ధౌమ్రాయణ మహర్షి చెప్పగా శాలంకి ముని సంతసించి, ఈ నోమును లోకమున ప్రకటించెను.

అక్షతలు దేవిపై వేయుడు. ఆగుడు, ఇంకను విస్తళ్ల వద్దకు పోకుడు. వంటింటి తలుపు చాటున చంటిదానిని చంకనెత్తుకొని నిలిచినదెవరు? ఉదయమునుండి పిండివంటలు చేసినది ఆమెయే గదా. ఏమి తిన్నదో మనలో ఒక్కరైనను అడిగితిమా?

"అమ్మాయ్, ఇటు రా. బిడ్డను నాకియ్యి. ముందు నువ్వు కూర్చో, మేం నీ తరవాత తింటాం."