శాస్త్రిగారు దాచిన తాటాకు

ఒకానొక రాజ్యం. పేరు అడక్కండి. ఆ వివరం పాత తాటాకు దస్తావేజులు దాచే కవిలెల కొట్టులో ఉంది, కొట్టుకు తాళం ఉంది. రాజు ధరణీధరుడు మాత్రం తన పేరు దాచుకునే రకం కాదు. మీసం దువ్వుకుంటూ రోజుకు పదిసార్లు తనే చెప్పుకునేవాడు.

ఒకనాడు కుమ్మరి సూరాంబ కొలువుకు వచ్చి చేతులు జోడించింది. "పెద్ద రాజావారు మా తాతకు బంకమన్ను గుంట రాసిచ్చారు ప్రభూ. ఇప్పుడు తమ బావమరిదిగారు అది తనదంటున్నారు. రేపటి నుంచి అందులో కాలు పెట్టొద్దంట. మన్ను లేకపోతే మేం ఏం చేసుకు బతకాలి? కొట్టులో ఆ తాటాకు ఉంటుంది, ఒక్కసారి చూపించండి."

రాచకవిలెలు జనం చూడవచ్చా? రాజు ధర్మాధికారి కూర్మనాథశాస్త్రిని అడిగాడు. శాస్త్రి గంటం తీసి, తన అభిప్రాయం మూడు తాటాకుల నిండా రాసి, రాజు చెవిలో మాత్రమే చదివి, దాన్నీ కొట్టులో పెట్టించి తాళం వేయించాడు.

"ఇకనుంచి ఇదే శాసనం! ఆకు చూపించేది లేదు," అన్నాడు రాజు.

కొలువును నవ్వించడానికి జీతం తీసుకునే మాచన్నకు ఆ పూట నవ్వు రాలేదు. కళ్లు తుడుచుకుంటూ పోతున్న సూరాంబను చూసి ఒళ్లు మండింది.

"ఏం రాశారు శాస్త్రిగారూ?"

"చెప్పరాదు. అది రాచపత్రం."

"ఎందుకు చెప్పరాదు?"

"ఎందుకో అందులోనే రాశాను."

ఆ రాజ్యంలో ఏ శాసనమైనా దండోరా వేస్తేగాని అమలుకు రాదు; వచ్చాక మీరితే ముప్పై కొరడా దెబ్బలు. ఆ పని మాచన్న వినయంగా అడిగి మరీ తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రాజు గడ్డం గీయించుకుంటుండగా కోట కింద డప్పు మోగింది.

"ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయడమేమనగా, శాస్త్రిగారు కొత్త శాసనం రాశారహో! అందులో ఏముందో చెప్పరాదహో! మీరినవాళ్లకు ముప్పై కొరడా దెబ్బలహో!"

ఒక బుగ్గ గీసిన మంగలి పోలయ్య కత్తి మడిచేశాడు.

"ఆపావేంరా?"

"ఏది చేయకూడదో తెలియదు కదా ప్రభూ. గడ్డం గీయడమే కూడదని ఉంటే నా వీపు చిట్లిపోద్ది."

వంటశాలలో పొయ్యి ఆర్పేశారు. బోయీలు పల్లకీ దించి పక్కన కూర్చున్నారు. రాజు సగం గడ్డంతో ఊగిపోతూ మాచన్ననీ శాస్త్రినీ పిలిపించాడు.

"చెప్పగలిగిందంతా చాటించాను ప్రభూ," అన్నాడు మాచన్న. "చెప్పరానిది ఎలా చాటించను?"

"ఒరే పోలయ్యా, కవిలెలు జనం చూడకూడదని మాత్రమే ఉందిరా! నేను చెబుతున్నాగా, గియ్యి!"

"తమ మాటకు తిరుగుందా ప్రభూ? కానీ రేపు శాస్త్రిగారు ఇంకోలా ఉందంటే? నలుగురి ముందూ చదివిస్తే ధైర్యంగా గీస్తాను."

"చదవరాదు!" అన్నాడు శాస్త్రి.

"అయితే నా రెండో బుగ్గ నువ్వు గీస్తావా శాస్త్రీ?"

శాస్త్రి మంగలి కత్తి వంక చూసి, కొట్టు దారి పట్టాడు. తాళం తీశారు, ఆకులు తెచ్చారు, పోలయ్య, బోయీలు, వంటవాళ్లు వింటుండగా చదివారు. కొట్టులోని ఏ ఆకు జనం కంటబడినా, చెవినబడినా రాజ్యానికి అరిష్టమని చివర ఉంది. పోలయ్య కత్తి విప్పి రెండో బుగ్గ గీయసాగాడు.

మాచన్న చూరుకేసి చూశాడు. "ఇదీ ఆ కొట్టులో ఆకే. అందరం విన్నాం. అరిష్టం ఎక్కడా కనిపించదేం శాస్త్రిగారూ? ప్రభువుల గడ్డం ఆకు దాచినప్పుడు ఆగింది, చదివాక సాగుతోంది. తాళం ఎలాగూ తీశారు కనక సూరాంబ ఆకు కూడా తెప్పించండి ప్రభూ."

రాజు బుగ్గ తడుముకున్నాడు. పకపకా నవ్వాడు. ఆకు వచ్చింది. గుంట సూరాంబ తాతదేనని, పెద్ద రాజుగారి ముద్రతో సహా ఉంది. రాజు తన చేతి కంకణం తీసి మాచన్నకు తొడిగాడు. అడిగినవాళ్లకు అడిగిన ఆకు గట్టిగా చదివి వినిపించే పని శాస్త్రికి అప్పగించాడు.

కబురు విన్న సూరాంబ గంప ఎత్తుకుని నేరుగా గుంటకు వెళ్లింది. అక్కడ బావమరిదిగారి మనుషులు తెల్లారకముందే కంచె గుంజలు పాతేసి ఉంచారు. ఒక్కొక్కటే పీకి, కుండలు కాల్చడానికి ఇంటికి తెచ్చుకుంది.