తిరిగిచ్చేసిన జోలపాట

"ఒకానొక రాజ్యంలో..." అని మొదలుపెట్టి, మా నాయనమ్మ ఒళ్లోని పాపను ఒకసారి సర్దుకునేది. ఆ తర్వాతే కథ.

చందనగిరి రాజు ప్రతాపశేఖరుడికి పన్నెండేళ్లు నోములు నోస్తే, దేవుడి దయవల్ల ఆడపిల్ల పుట్టింది. బంగారుతల్లే, కానీ నిద్రపోదు.

రాజు ఆస్థానకవి ఓబళయ్యను పిలిపించాడు.

"ఉయ్యాలలో వేసే నాటికి జోలపాట కావాలి. అందులో నా బిరుదులన్నీ ఉండాలి. ఇవిగో గ్రంథాలయం తాళాలు."

ఓబళయ్య తాళాలు కళ్లకద్దుకుని నేరుగా బజారుకు నడిచాడు.

ఉయ్యాల వేడుకనాడు ఆయన మెల్లగా అందుకున్నాడు.

"ఏనుగమ్మ నిద్దరోయె, ఎండమ్మ నిద్దరోయె, పాపాయి పడుకుందహో..."

బిరుదుల దాకా రాకముందే పాప నిద్రపోయింది. రాణి కళ్లు తుడుచుకుంది.

ప్రధాన పండితుడు చప్పున లేచాడు. "మోసం ప్రభూ! ఈయన గ్రంథాలయం గడప తొక్కలేదు. తోలుబొమ్మలాటల్లో, వడ్లు దంచే పాకల్లో తిరిగాడు. ఇదంతా వీధిలో ఏరుకొచ్చిన పాట!"

రాజు ముఖం ఎర్రబడింది. "నా కూతురికి వీధిపాటా? ఎవరిది వాళ్లకు తిరిగిచ్చెయ్. మిగిలింది పాడు. దానికి పాప నిద్రలేస్తే ఆస్థానం వదిలి వెళ్లు."

"చిత్తం." ఓబళయ్య వేళ్లు మడవసాగాడు. "ఏనుగమ్మ నిద్దరోయిందన్న మాట బొమ్మలాడించే అవ్వది. ఆట అయ్యాక బొమ్మను చుట్టిపెడుతూ అంది. ఇచ్చేశాను. ఎండమ్మా, పాట వరసా వడ్లు దంచే అమ్మలవి. ఇచ్చేశాను. చివర 'అహో' మన దండోరావాడిది. వాళ్లింట్లో పసిబిడ్డ ఉంది, వాడక్కడ దండోరా కూడా గుసగుసగానే వేస్తాడు. అదీ ఇచ్చేశాను."

"ఇక మిగిలింది?"

"తమ బిరుదులు ప్రభూ!" అంటూ గొంతెత్తాడు. "రణరంగభైరవా! అరివీరభయంకరా!"

పాప ఉలిక్కిపడి కేరుమంది.

"భయంకరులెవరో బిడ్డకు బాగానే తెలిసింది," అంది రాణి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఓబళయ్య చేతులు జోడించాడు. "ఇంకొక్కటి నా దగ్గరే ఉండిపోయింది. తాళం. మూడు చిన్న తట్లు, కాస్త ఆగడం. మొన్న పొద్దున అంతఃపురం గుమ్మంలో నిలబడి చూశాను. తమరు కిరీటం తీసి పక్కన పెట్టి, ఎవరూ లేరనుకుని పాప వీపు మీద అలా జోకొడుతున్నారు. ఇది ఎవరికి తిరిగివ్వను ప్రభూ?"

రాజు సింహాసనం దిగివచ్చి ఉయ్యాల పక్కన నేలమీద కూర్చున్నాడు. మూడు తట్లు. ఆగాడు. మళ్లీ మూడు. పాప ఏడుపు మాని, ఆవులించి, కళ్లు మూసుకుంది.

అప్పుడు నవ్వొచ్చింది రాజుకు. పాప లేస్తుందని పెదవులు బిగబట్టి, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. మెడలోని హారం తీసి ఓబళయ్య చేతిలో పెట్టాడు.

"ఈసారి బొమ్మలాటకు నన్నూ తీసుకెళ్లవయ్యా. కిరీటం లేకుండా వస్తాను."

పండితుడు ఏదో అనబోయాడు. రాజు పెదవులమీద వేలుంచి, "ష్... పాపాయి పడుకుందహో," అన్నాడు.

ఇక్కడికొచ్చేసరికి నాయనమ్మ ఒళ్లోని పాప కూడా నిద్రపోయేది. అందుకే ఆ తర్వాత ఏమైందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.