నాంచారి తీసిన బురద

వరద తగ్గిన మర్నాడు సంతవీధి నిండా మోకాటి లోతు బురద. కుండలమ్మే నాంచారి పొద్దుటి నుంచి పార పట్టి, తన బండికి సరిపడా చోటు బాగు చేసుకుంది. గుర్తుగా బుట్ట బోర్లించి, బండి తేవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి బుట్ట పక్కన పడి ఉంది, అక్కడ కొత్వాలు బండి నిలిచి ఉంది.

"ఇది నేను బాగుచేసుకున్న చోటు దొరా!"

"వీధి అందరిదీ. నీ సొత్తు కాదు," అన్నాడు కొత్వాలు.

నాంచారికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా పార అందుకుని, పక్కన పోసిన బురదను తిరిగి అతని బండి చక్రాల చుట్టూ పోయసాగింది.

"ఏమిటే ఆ పని?"

"బురదా వీధిదే కద దొరా. నాదైతే ఇంటికి మోసుకుపోదును. తీసిన చోటే పెట్టేస్తున్నా."

జనం గొల్లుమన్నారు. కొత్వాలు బండి తీయించాడు.

ఆ సంత ఇప్పుడు లేదు. వాన వెలిసినప్పుడల్లా ముసలివాళ్లు మాత్రం తలుచుకుంటారు, నాంచారి చేసిన ఆ పని తర్వాత ఒకరు బాగుచేసుకున్న చోట బుట్ట కనిపిస్తే పల్లకీలు కూడా పక్కకు తప్పుకున్న ఆ రోజులను.