కురులవాగు

పూర్వం ఫ్రాంకుల దేశాన్ని మెరొవింగు వంశపు రాజులు ఏలుతున్న కాలంలో రాజ్యాధికారం కిరీటంలో గాక కేశపాశంలో ఉండేది. పుట్టింది మొదలు కత్తెర తగలని జుట్టు భుజాలు దాటి వేలాడితేనే ఆ వంశంలో రాజు. అది తెగిందా, మహారాజు కొడుకైనా మామూలు మనిషే. మనం కోరి కోరి దేవుడికి తలనీలాలు ఇచ్చుకుంటాం గదా, అక్కడ ఆ మాటంటే తల తీసినంత పని. జుట్టు కోయించుకున్న రాజకుమారుడు మళ్ళీ పెంచుకొని రాజ్యానికి రావచ్చు గాని, ముందుగా ఆ జుట్టు కోసిన చేతిని నరికించాలని, అది ఎవరి చెయ్యైనా సరే, వారి కట్టడి.

ఆ వంశపు కోడలు హిల్దరాద వితంతువైననాడే ఆమె మరిది రాజ్యాన్ని ఆక్రమించి, ఆమె కొడుకు సిగిమేరుణ్ణి బంధించి, "నీ చేత్తో వీడి జుట్టు కోస్తావా, నన్ను వీడి తల కోయమంటావా?" అని అడిగాడు. బతికుంటే బలుసాకైనా తినవచ్చుననుకొని, కట్టడి తెలిసి కూడా, ఆ తల్లి తానే కత్తెర పట్టింది.

కొడుకును ఆర్దెన్ అడవుల్లోని సన్యాసుల మఠానికి పంపారు. స్త్రీలు అడుగుపెట్టరాని చోటు గనుక హిల్దరాద గోడ వెలుపల, మఠంలోంచి పారివచ్చే వాగు ఒడ్డున గుడిసె వేసుకుంది. ఉభయసంధ్యలా లోపలినుంచి ప్రార్థనాగానం వినవచ్చేది. అన్ని గొంతుల్లోనూ ఆమె కొడుకు గొంతు పోల్చుకునేది. అది బొంగురుపోయిన నాడు ఆమెకు రొట్టె సయించేది కాదు. ఒక్కసారి వాడి తల నిమరాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

చాలా ఏళ్ళకు మరిది సంతు లేకుండా కన్నుమూశాడు. సామంతులు సిగిమేరునిచేత మళ్ళీ జుట్టు పెంచించి, అది భుజాలు దాటాక పట్టాభిషేకానికి వెలుపలికి తీసుకొచ్చారు. వాగు దగ్గర తల్లీకొడుకులు ఎదురుపడ్డారు. ఆమె పరుగున వచ్చి చెయ్యి చాచేసరికి పెద్ద సామంతుడు అడ్డంవచ్చి, "ప్రభూ, కోసిన చెయ్యి ఇదే. ముందు కట్టడి తీరాలి" అన్నాడు.

"తీరనీ నాయనా," అన్నది హిల్దరాద. "ఒక్కసారి నీ తల దువ్వనిచ్చి, ఆపైన తీసుకోమను."

సిగిమేరుడు వాగు ఒడ్డున తల్లి ముందు కూర్చున్నాడు. ఆమె ఆబగా, చిక్కు లేని చోట కూడా చిక్కు తీస్తున్నట్టు, వేళ్ళతో దువ్వింది. చివరికి అతడు కత్తెర తెప్పించి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంక కోసెయ్యి అమ్మా."

"రాజ్యమో, నాయనా?"

"దాన్ని ఏలేవాడు ఇంకొకడు దొరుకుతాడు. ఈ చెయ్యి నాకింకెక్కడ దొరుకుతుంది?"

ఏడుస్తూనే ఆమె కోసింది. సామంతులు రాజు లేకుండానే తిరిగి వెళ్ళారు. జుట్టు తెగిన రాజకుమారుడికి మఠమే గతి గనుక సిగిమేరుడు మళ్ళీ లోపలికి వెళ్ళాడు, తలుపు మూసుకుంది, ఆమె మళ్ళీ గోడ ఇవతలే మిగిలిపోయింది.

నాడు నీటిలో పడిన ఆ కురులు అక్కడే వేళ్ళూనుకొన్నవని చెబుతారు. నేటికీ ఆ వాగులో, నీరు గడ్డకట్టే చలిలో సైతం, పొడవాటి పసిడివన్నె నాచు కనబడుతుంది. బిడ్డలు దూరమైన తల్లులు వచ్చి దాన్ని వేళ్ళతో దువ్వి వెళ్తారు. మఠం ఏనాడో కూలిపోయింది. వాగు పల్లానికే పారుతుంది గాని, ఆ నాచు మాత్రం ఏటికి ఎదురుగా, ఒకప్పుడు గోడ ఉండిన వైపుకే వాలి ఉంటుంది.