రౌద్రి సంవత్సరం అప్పగింత

వామదేవుడికి చైత్రం నుంచి ఆషాఢం దాకా కంఠతా వచ్చేసింది. భాద్రపదం నుంచి ఫాల్గుణం దాకా కూడా వచ్చేసింది. మధ్యలో శ్రావణం దగ్గరే నోరు పెగిలేది కాదు.

మఠం గోశాల వెనక ఒంటరిగా తిరుగుతూ వల్లె వేసుకునేవాడు. శ్రావణం రాగానే గొంతు సవరించుకోవడం, ఆవుల వైపు చూడడం, మళ్ళీ చైత్రం నుంచి ఎత్తుకోవడం. ఆవులకైతే ఏ నెల తరవాత ఏ నెల వచ్చినా ఒకటే. జనానికి అలా కాదు.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ శివమఠంలో ఒక ఆచారం ఉండేది. ఉగాదికి ముందు వచ్చే అమావాస్య నాటి సాయంత్రం రెండు ఒడ్డుల ఊళ్ళవాళ్ళూ మఠం వాకిట్లో కూర్చునేవారు. శిష్యుల్లో ఒకడు లేచి, పోతున్న ఏడాదిలో ఏం జరిగిందో నెలవారీగా చెప్పేవాడు. రాజులు మారడం, గ్రహణాలు, వానలు, చావులు, అన్నీ. అది అయ్యాక పెద్దస్వామి రాగి చెంబుతో నేల మీద నీళ్ళు వదిలి, ఆ ఏడాదిని శివుడికి అప్పగించేవాడు. నీళ్ళు వదిలేదాకా పాత ఏడు పోయినట్టు కాదు, కొత్త ఏడు వచ్చినట్టూ కాదు. దాన్ని అప్పగింత అనేవారు.

రౌద్రి నామ సంవత్సరానికి చెప్పే పని వామదేవుడికి వచ్చింది. వచ్చిందంటే, కోరి తెచ్చుకున్నాడు. అంతకుముందు చెప్పినవాళ్ళంతా ఎవరి గేదె చచ్చిందో, ఎవరి చేను మునిగిందో చెప్పి కూర్చునేవారని అతనికి చిన్నచూపు. తాను లోకాన్నే తెచ్చి ఈ వాకిట్లో దింపుతానని తోటివాళ్ళ దగ్గర కోతలు కోశాడు. కోతలే కాదు, పనీ చేశాడు. బాట వెంట వచ్చే వర్తకుల బిడారు ఎక్కడ దిగినా అక్కడికి పోయి, వాళ్ళ ఎడ్లకి నీళ్ళు పెట్టి మరీ కబుర్లు రాబట్టాడు.

ఆ కబుర్ల కోసమే శ్రావణంలో ఏరు దాటాడు. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు, లేదా అతనలా అనుకుంటున్నాడు.

రేవు మెట్ల మీద ఒక రాతి నంది ఉంది. ఏరు పొంగి ఆ నంది మెడలో గంట మునిగిందంటే, నీరు తీసేదాకా పడవ విప్పకూడదు. అది ఎప్పటినుంచో వస్తున్న కట్టు. కట్టు మీరి విప్పిన పడవవాడి ఇంటికి ఇక రేవులో పడవ వేసే హక్కు ఉండదు. శ్రావణంలో ఒక రోజు తెల్లారేసరికి పడవ మారయ్య శవం కింది ఊళ్ళో ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పడవ ముక్కలైంది. అప్పటికి గంట మునిగి ఒక పూట దాటింది. ఒళ్ళు తెలిసినవాడెవడూ ఆ నీళ్ళలో పడవ విప్పడు కాబట్టి, మారయ్య కల్లు తాగి విప్పాడని ఊరు తేల్చేసింది. రేవు పెద్ద సూరపరెడ్డి రేవుని ఇంకొకరికి ఇచ్చేశాడు. మారయ్య పెళ్ళాం కాచమ్మకి మొగుడు పోయాడు, బతుకుతెరువు పోయింది, పైగా తాగుబోతు పెళ్ళాం అన్న పేరు మిగిలింది.

వరద తీశాక వామదేవుడు అవతలి ఒడ్డు నుంచి తిరిగొచ్చాడు. ఊళ్ళో మాట విని నిలువునా చల్లబడిపోయాడు. ఎప్పుడు దాటావు నాయనా, అని పెద్దస్వామి త్రిలోచనరాశి అడిగాడు. గంట మునగడానికి ముందు రోజే దాటానని చెప్పాడు వామదేవుడు. పెద్దస్వామి సరేనన్నట్టు తల ఊపి, రేపటినుంచి కాచమ్మ ఇంటికి మఠం వంటశాల నుంచి అన్నం వెళ్ళాలన్నాడు. ఎవరు పట్టుకెళ్ళాలో కూడా చెప్పాడు.

అలా ప్రతి మధ్యాహ్నం వామదేవుడు అన్నం గిన్నె పట్టుకుని ఆ ఇంటికి పోయేవాడు. గుమ్మంలో పెట్టి, తేలు కుట్టిన దొంగలా వెనక్కి తిరిగేవాడు. ఇవాళ చెప్పేద్దాం అనుకుంటూ వెళ్ళేవాడు, రేపు చెబుదాం అనుకుంటూ వచ్చేవాడు. మొదట్లో చెప్పడానికి భయం వేసింది. తరవాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియక సిగ్గేసింది. ఆ సిగ్గు రోజురోజుకీ పెరిగిందే గాని తగ్గలేదు.

అమావాస్య వచ్చింది. వాకిలి కిటకిటలాడింది. కాచమ్మ ఆడవాళ్ళ వెనకాల, గోడ వారగా కూర్చుంది. ఏ ఏడాదైనా అప్పగింతలో ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు చెప్పడం ఆనవాయితీ. ఆ పేరు వినడానికే ఆమె వచ్చిందని వామదేవుడికి తెలుసు.

అతను లేచి మొదలుపెట్టాడు. చైత్రంలో ఉత్తరాన గుర్రపు దండ్లు దిగి ఒక పట్నాన్ని తగలబెట్టడం కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. వైశాఖంలో దక్షిణాదిన ముసలి రాజు కన్నుమూస్తే కొడుకులిద్దరూ కత్తులు దూసుకోవడం చెప్పాడు. జ్యేష్ఠంలో తోకచుక్క, ఆషాఢంలో కర్పూరం తెస్తున్న ఓడ మునిగిపోవడం. జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. శ్రావణం రాగానే పడమటి రాజ్యంలో ఒక సామంతుడు ఏలికని చెరలో పెట్టి గద్దె ఎక్కిన వైనం ఎత్తుకుని, ఊపిరి తీసుకోకుండా దాన్ని భాద్రపదంలోకి లాక్కుపోయాడు. ఆ పైన ఆశ్వయుజంలో గ్రహణం, పుష్యంలో మంచు, మాఘంలో రాజుగారి కొత్త చెరువు. పోయినవాళ్ళ పేర్ల దగ్గర అందరివీ చెప్పి ఒకటి వదిలేశాడు.

చెప్పడం అయిపోయింది. బాగా చెప్పాడని సూరపరెడ్డి పక్కవాడితో అన్నాడు. గోడ వార కాచమ్మ కొంగు సర్దుకుని తల దించుకుంది. వామదేవుడు అటు చూడకూడదనుకుంటూనే చూశాడు.

పెద్దస్వామి చెంబు ఎత్తి చెయ్యి చాచాడు. నీళ్ళు వదలబోయి ఆగాడు.

"అంతేనా నాయనా?"

"అంతే స్వామీ."

చెంబు వంగలేదు. పెద్దస్వామి కోప్పడలేదు, ఇంకేమీ అడగలేదు. నిండు చెంబు పట్టుకుని, చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి కూర్చున్నాడు. ఆయనకి ఎనభై దాటాయి. అన్నం కలుపుకునేటప్పుడే ఆ చెయ్యి వణుకుతుంది.

వామదేవుడు గోశాలలో కపిల ఆవు ఈనిన సంగతి చెప్పాడు. చెంబు వంగలేదు. చెరకు తోటల కాలువ గట్టు తెగిన సంగతి చెప్పాడు. చెంబు వంగలేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక శిష్యుడు లేచి ఆయన మోచేతి కింద చెయ్యి పెట్టబోతే కళ్ళతోనే వద్దన్నాడు. చెయ్యి బాగా వణుకుతోంది. రాగి చెంబు అంచు మీద నుంచి నీళ్ళు తొణికి ఆయన మణికట్టు మీదుగా కారుతున్నాయి.

తన గురువుని తాను హింస పెడుతున్నానని వామదేవుడికి తెలుసు. అయినా ఇంకొంత సేపు నోరు రాలేదు. దాన్ని తలుచుకునే ఆ తరవాత అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

చివరికి, "శ్రావణంలో కృష్ణ పొంగింది," అన్నాడు. "మన రేవు పడవ పోయింది. పడవ మారయ్య పోయాడు."

కాచమ్మ తల ఎత్తింది. చెంబు మాత్రం వంగలేదు.

"ఆ పడవలో నేనున్నాను. అవతలి ఒడ్డున బిడారు దిగింది, తెల్లారితే వెళ్ళిపోతుంది. పడమటి రాజ్యం కబురు వాళ్ళ దగ్గరుంది. మారయ్యని లేపి పడవ విప్పమన్నాను. గంట మునిగింది సామీ, ఇయ్యాల వద్దు అన్నాడు. పెద్దస్వామి ఆజ్ఞ అని చెప్పాను. ఆ మాటకి విప్పాడు. నన్ను ఒడ్డున దింపి, వెనక్కి పోతూ పోయాడు. తాగలేదు. ఆజ్ఞ కూడా లేదు. అది నేను పుట్టించిన మాట."

ఇందాక మెచ్చుకున్న సూరపరెడ్డి మొహం గంటు పెట్టుకున్నాడు. వామదేవుడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఉత్తరాన తగలబడ్డ పట్నం, గద్దెలు, ఓడలు అన్నీ మరిచిపోయి, అంత జనమూ అతన్నే చూస్తున్నారు.

కాచమ్మ లేచింది. కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె అతని వైపు తిరగనేలేదు. జనం వైపు తిరిగింది.

"ఇన్నారు గదా," అంది. "మా ఇంటాయన తాగలా."

సూరపరెడ్డి లేచి, పెద్దస్వామి ఆజ్ఞ అనుకుని విప్పాడు గనక కట్టు మీరినట్టు కాదు, రేవు మారయ్య ఇంటిదే, రేపటినుంచి అతని తమ్ముడు పడవ వెయ్యవచ్చునని అందరికీ వినబడేలా చెప్పాడు. చెప్పి, కాచమ్మకి మొహం చూపించలేక జనంలో కూర్చుండిపోయాడు.

"ఇంక వదలండి సామీ," అంది కాచమ్మ పెద్దస్వామితో. "చెయ్యి నొప్పెడతది."

అప్పుడు ఆయన చెంబు వంచాడు. నీళ్ళు నేల మీద పడ్డాయి. రౌద్రి సంవత్సరం అయిపోయింది.

జనం లేస్తుంటే వామదేవుడు పోయి కాచమ్మ కాళ్ళ మీద పడబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"రోజూ మా గుమ్మంలో అన్నం పెట్టి పోయావు గదా సామీ," అంది. "నువ్వు పెట్టిన అన్నమే తిన్నా. ఒక్కనాడన్నా చెప్పలేకపోయావా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు.

మర్నాడు ఉగాది. మధ్యాహ్నం వంట పూర్తయ్యాక వామదేవుడు పెద్దస్వామి కుడిచేతికి నూనె రాస్తూ కూర్చున్నాడు. ఆ చెయ్యి మణికట్టు దాకా వాచింది. అతను తల ఎత్తకుండానే, కాచమ్మ ఇంటికి అన్నం ఎవరితో పంపుతారని అడిగాడు.

"రేవు వాళ్ళకి తిరిగొచ్చింది. ఇక మన అన్నం అక్కర్లేదు," అన్నాడు పెద్దస్వామి.

వామదేవుడి గుండెల మీద బరువు దిగినట్టయింది. తెలియకుండానే పెద్ద నిట్టూర్పు విడిచాడు. విడిచాక, పెద్దస్వామి తన మొహాన్నే చూస్తున్నాడని గమనించాడు.

"నువ్వు మాత్రం వెళ్ళిరా," అన్నాడాయన.