అప్పలసూరి కత్తి, పైడమ్మ మేకలు

అనగనగా చలికొండల మీద ఒక ఊళ్ళో ఇంటింటికీ చెర్రీ చెట్లుండేవి. పండ్ల కోసం కాదు తల్లీ, కలప కోసం. పండ్లు పిట్టలు తినేవి. మానేమో మంచాలకీ తలుపులకీ. తాత నాటితే మనవలు కొయ్యాలి, అంత నెమ్మది చెట్టు.

మాను తిన్నగా ఎదగాలంటే పక్కకొమ్మలు కొట్టాలి కదా. ఆ పనికి ఊరంతా అప్పలసూరి అనే ఆయన్నే పిలిచేది. చెయ్యి మంచిదని పేరు. ఆ పేరంటే ఆయనకి మహా ముద్దు.

ఒక ఏడు తొందరపడి, ఎండలు రాకముందే వానల్లోనే కొమ్మలు కొట్టేశాడు. ఆ తర్వాత ఒకటొకటిగా చెట్లకి బెరడు పగిలి బంక కారింది, ఆకులు మాడిపోయాయి. ఊరంతా బెంగపడింది.

అప్పుడు అప్పలసూరి పురుగన్నాడు. పొగ పెట్టారు, తగ్గలేదు. ఆ తర్వాత చలి వల్ల అన్నాడు. మానులకి గడ్డి చుట్టారు, తగ్గలేదు. మూడోసారి, పక్కింటి పైడమ్మ మేకలు బెరడు గీకాయన్నాడు. పాపం, ఆవిడ మేకల్ని కొండవతల చెల్లెలింటికి తోలేసింది. ఆవిడ పిల్లలకి పాలు లేకుండా పోయాయి.

మేకలు పోయినా బంక ఆగలేదు. అప్పుడు అప్పలసూరికి గుబులు పుట్టి, చెట్టుచెట్టూ తిరిగి చూశాడు. ప్రతి పుండూ తను కొమ్మ కొట్టిన చోటే ఉంది. తను ముట్టని మూడు చెట్లూ పచ్చగా ఉన్నాయి. రోగం తన కత్తికంటుకుని చెట్టు నుంచి చెట్టుకి పాకిందన్నమాట.

చెప్తే పేరు పోతుంది. చెప్పకపోతే ఉన్న చెట్లూ పోతాయి. మూడు రోజులు అన్నం సయించలేదాయనకి. సిగ్గు పెద్దవాళ్ళకీ ఉంటుందమ్మా.

ఆ తర్వాత పొద్దున్నే పైడమ్మ గుమ్మం ముందు నించుని, "నీ మేకలు కాదు పైడమ్మా, నా కత్తి," అన్నాడు. అదే మాట ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు. ఇంక ఆయన్నెవరూ పిలవలేదు.

వానలు వెళ్ళి ఎండలు కాశాయి. రోగం పట్టిన కొమ్మలు తీసెయ్యాలి. అప్పుడు పైడమ్మే ఆయనింటికి వచ్చింది.

"ఎలా కొట్టకూడదో ఊళ్ళో నీకే కదన్నా బాగా తెలుసు. కత్తి మంటలో కాల్చుకుని రా, మా చెట్టుతోనే మొదలెట్టు," అంది.

ఆయన కళ్ళు తుడుచుకుని లేచాడు. చెట్టుకోసారి కత్తి కాలుస్తూ కొట్టాడు. సగం చెట్లు బతికాయి.

కథేమో కంచికి, కత్తేమో చూరుకి, మేకలేమో దొడ్డికి, నువ్వేమో నిద్దరకి.