సింగమ్మ చెప్పిన మెరుపులు

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యానికి రాళ్లంటే ప్రాణం పెట్టే ఒక రాజు. ఆయన కొలువులో ఓబళయ్య అనే రత్నపరీక్షకుడు ఉండేవాడు. అక్కడి ఆచారం ప్రకారం పరీక్షకుడు రాయిని ముట్టకూడదు. తూర్పు కిటికీలో పొద్దుటి ఎండకు రాయిని పెడతారు. దాని మీద వెలుగు ఎలా మెరుస్తోందో చూసి గుణం చెప్పాలి. తప్పు చెబితే కొలువు పోతుంది.

రోజూ అన్నం తింటూ ఓబళయ్య ఆనాటి రాళ్ల మెరుపులను భార్య సింగమ్మకు వర్ణించేవాడు. ఆమె ఎన్నడూ రత్నాలు చూడలేదు గనుక వంటింటి మాటల్లోనే చెప్పేవాడు. అలా నలభై ఏళ్లు గడిచాయి.

ముసలితనంలో అతని కళ్లకు మెల్లమెల్లగా పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. కొలువు పోతుందని భయం, అంతకన్నా సిగ్గు.

ఒకనాడు పరదేశి వర్తకుడు మూడు రాళ్లు తెచ్చాడు, రేపే పరీక్ష అని కబురు వచ్చింది. ఓబళయ్యకు ముద్ద దిగలేదు. మజ్జిగ చెంబు కోసం తడుముకుంటుంటే సింగమ్మ దాన్ని తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నాకు తెలియదనుకున్నారా? ఆరు నెలలుగా చూస్తూనే ఉన్నాను" అంది.

ఓబళయ్యకు కన్నీళ్లు ఆగలేదు. "రేపు ఏదో ఒకటి ఊహించి చెప్పేయనా, సింగీ?"

"చీకట్లో బాణం వేస్తే ఎవరికి తగులుతుందో! ఉన్నమాట చెప్పండి. పక్కన నేనుంటాను."

మర్నాడు ఓబళయ్య సింగమ్మను వెంటబెట్టుకుని సభకు వెళ్లి చేతులు జోడించాడు. "మహారాజా, నాకు చూపు పోయింది. ఈమె చూస్తుంది, నేను చెబుతాను. తప్పితే కొలువు వదిలేస్తాను."

సభంతా నవ్వింది. వర్తకుడు మరీ నవ్వాడు. రాజు మాత్రం "కానివ్వండి" అన్నాడు.

మొదటి రాయి పెట్టారు. "చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా ఉందండీ" అంది సింగమ్మ.

"లోహం కలిసిన రాయి. బంగారంలా కనబడుతుంది గాని బంగారం కాదు."

రెండోది పెట్టారు. "ఉల్లిపాయ లోపలి పొరలా ఉంది. వెలుగు లోపల్నుంచి మెత్తగా వస్తోంది."

"చంద్రకాంతం! మేలైన రాయి."

మూడోది అన్నిటికన్నా ఎక్కువ మెరిసింది. దాన్నే కిరీటంలో పొదిగించాలని రాజు ముచ్చటపడ్డాడు. సింగమ్మ వంగి దాన్ని అటూ ఇటూ నుంచి చూసింది.

"అట్టు పోసే ముందటి పెనంలా ఉందండీ."

ఓబళయ్య నవ్వాడు. "మెరిసేది రాయి కాదు మహారాజా, నూనె! గుడ్డతో తుడిపించండి."

తుడిచేసరికి అది ఇటుకముక్కలా వెలవెలబోయింది. వర్తకుడు తల దించుకున్నాడు.

రాజు ఓబళయ్య పీట పక్కనే సింగమ్మకూ ఒక పీట వేయించాడు.

ఆ పూట ఇంట్లో ఓబళయ్య కడుపునిండా తిన్నాడు. ఆనాటి రాళ్ల మెరుపులను ఈసారి సింగమ్మ చెప్పింది, అతను విన్నాడు.

పిల్లలూ, లోటును దాచుకుంటే బరువవుతుంది. నిజాయితీగా మనవాళ్లకు చెప్పుకుంటే సగం తీరిపోతుంది.